బరువు గీత

కార్తీక బహుళ విదియ

అతిథులు ఎక్కారు. మనవాళ్ళు దిగారు. గీత నీటికి జానెడు పైన ఉంది.

పుస్తకంలో రాయవలసింది ఇంతే. నాకు ముందు గీత చూసిన పెద్దాయన ఇంతే రాసేవాడు. ఆ గీత ఉన్న రేవు గుంజ దగ్గర కూర్చోవడం తప్ప నాకు వేరే పని లేదు కనుక ఇంకో నాలుగు మాటలు రాస్తాను.

ఉదయం ముసురు పట్టింది. పడవ ఆలస్యంగా వచ్చింది. అతిథులను ఒక్కొక్కరినే కాటా మీద నిలబెట్టి తూచాం. ఒకావిడ సంచీలోంచి రెండు పుస్తకాలు తీసి పడవలోనే వదిలేసి, దీవి మీద నా భారం తగ్గించుకుంటున్నాను అంది. ఆమె భర్త ఫోటో తీశాడు. వాళ్ళంతా ఎంత తూగారో అంతకు సరిపడా మనవాళ్ళు దిగి నావల్లో కూర్చున్నారు. అతిథులు ఉన్న వారమంతా నావల్లోనే వంట, నావల్లోనే పడక. ఇంటికొకరు చొప్పున వంతు. గర్భిణులకూ బాలింతలకూ వంతు లేదు.

మా ఇంటి నుంచి ఈసారీ ఎవరూ దిగలేదు. నేను గీత చూడాలి. మా ఆవిడ గవరమ్మ అతిథులకు వండాలి. అల్లుడు మల్లేసు ఈ తేలే దీవి అడుగుకు మునిగి, అంటుకుని బరువు పెంచే గుల్లలు గీకాలి. కూతురు అసిరికి నెలలు నిండుతున్నాయి.

బావమరిది వరసైన లక్కన్న నావలోకి చాప విసురుతూ అందరికీ వినపడేలా అన్నాడు.

"గీత సూసేవోడి కొంప బెండు కన్నా తేలికరా. ఆలింట్లో మనుసులకి బరువే నేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాట నిజమే కదా.

కార్తీక బహుళ షష్ఠి

గీత నీటికి బెత్తెడు పైన ఉంది. మొన్నటి కన్నా దిగింది.

ఎవరూ కొత్తగా ఎక్కలేదు. వాన కూడా తెరిపిచ్చింది. రెండుసార్లు చూశాను. గవరమ్మను పిలిచి చూపించాను. "నీ కల్లు మసకలేమో అనుకున్నాను, నిజమే" అంది.

గుంజ మీద గీత వేసింది మా తాతల కాలంలో. ఊరు సముద్రంలో మునిగాక కంపెనీ వాళ్ళను ఈ బెండు దీవి మీదికి ఎక్కించింది. వలకు కట్టే బెండు లాంటిదే, కాకపోతే దీనికి ప్రాణం ఉంది. మేత వేస్తే పెరుగుతుంది, వెయ్యకపోతే అంచుల నుంచి కుళ్ళుతుంది. నీరు గీత దాటిందంటే ఉప్పు బెండులో ఊరి మడుల్లోకి, తాగేనీటి గుంటలోకి ఎక్కుతుంది. ఒకసారి అలా ఎక్కితే ఏడాదంతా వాననీటి కోసం ఆకాశం చూడాలి.

అతిథులు ఇవాళ గోంగూర మడుల దగ్గర చెప్పులు లేకుండా నడిచారు. కొబ్బరి చెట్లకు కాయలెందుకు లేవని ఒకాయన అడిగాడు. బరువని కంపెనీ వాళ్ళు కాయని రకం పెట్టారండీ అని చెప్పాను. ఆయన చాలా సంతోషించాడు.

కార్తీక బహుళ నవమి

అతిథులు వెళ్ళారు. మనవాళ్ళు ఎక్కారు. బరువులో తేడా లేదు, గీత మాత్రం బెత్తెడు కన్నా తక్కువే.

మల్లేసును అడుగున గుల్లలు గీకమన్నాను. ఇంకో ఇద్దరిని తోడిచ్చాను. రోజంతా గీకి బుట్టల కొద్దీ పైకి తెచ్చారు. చేతులు కోసుకుపోయాయి. అసిరి వాకిట్లో కూర్చుని మొగుడి అరచేతులకు పసుపు రాసింది. ఆమె పొట్ట ఒళ్ళో పట్టక పక్కకు తిరిగి కూర్చుని రాస్తోంది.

"ఇంత గీకినాక ఎంత లేసినాది?" అని మల్లేసు అడిగాడు.

"గోరంత."

"నా సెయ్యంత గాయం, గోరంత గీత. బాగుంది మావా బేరం."

కార్తీక బహుళ ద్వాదశి

కంపెనీ నుంచి రవళి గారు వచ్చారు. మా దీవిని చూసుకునేది ఆవిడే. మెట్ట పట్టణంలో పుట్టిన మనిషి. పడవ పడదు, దిగగానే కాసేపు గుంజ పట్టుకుని నిలబడుతుంది. చెడ్డది కాదు. వచ్చినప్పుడల్లా అసిరికి మందులు తెస్తుంది.

గీత చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

"దాలయ్య గారూ, పౌర్ణమికి పెద్ద బృందం వస్తోంది. అప్పటికి జానెడు ఉండాలి."

"గుల్లలు గీకించినామమ్మా. ఇంకేటి సెయ్యాలో తెల్దు."

"జానెడు లేకపోతే వాళ్ళను ఎక్కించడానికి కంపెనీలో ఒప్పుకోరు. వాళ్ళు రాకపోతే మేత బస్తాలూ రావు. మీకు తెలుసు కదా."

"తెలుసు."

ఆమె సముద్రం వైపు తిరిగింది. "వంతుల్లో మినహాయింపులు ఉన్నాయిగా. అవి తీసేస్తే సరిపోతుందేమో చూడండి" అంది. నా ముఖం చూడకుండా అంది.

మినహాయింపులు అంటే గర్భిణులూ బాలింతలూ. ఇప్పుడు దీవి మీద గర్భిణి ఒక్కతే.

గవరమ్మకు చెప్పాను. ఆమె వంట దగ్గర్నుంచి లేవలేదు. రెండేళ్ళ కిందట మినహాయింపు ఉండేది కాదు. నాకు పిన్ని వరసయ్యే కొర్లమ్మ ఉంది, ఆమె కోడలు వంతుకు దిగి నావలో నొప్పులు పడింది. అలలు పెద్దవి. బిడ్డ దక్కలేదు. అప్పుడు ఊరంతా కూర్చుని పెట్టుకున్న నియమం ఇది. కంపెనీ పెట్టింది కాదు.

అమావాస్య

గీత మూడు వేళ్ళు.

మల్లేసు ఇవాళ గీకడానికి దిగి, గీకకుండానే పైకి వచ్చాడు. నీళ్ళు కారుతూ నా పక్కన కూర్చున్నాడు. నవ్వాలా వద్దా అన్నట్టున్నాడు.

"మావా, అడుగున నున్నగా ఉండాల గదా?"

"ఉండాల."

"నున్నగా నేదు. గుల్లలు పోయినాక అవుపిస్తంది, ఇంటికో బుడిపె ఉన్నాది. పనసకాయంతేసి. అన్నీ వంటింటి కిందనే."

నాకు అర్థం కాలేదు. వంటింట్లో ఏముంటుంది, మట్టి పొయ్యి కూడా లేదు, అందరివీ ఎండకు కాగే పలకలే.

"ఎవురింట్లోనో ఏదో బరువున్నాది. ఎవురింట్లోనో ఏటి, అందరింట్లోనూ." జుట్టు పిండుకున్నాడు. "మనింటి కిందా ఉన్నాది."

నేను ఇంటికి వెళ్ళాను. గవరమ్మ వంటింట్లో చాప మీద కూర్చుని కూర తరుగుతోంది. ఆ చాప ఎప్పుడూ అక్కడే ఉంటుంది. లెమ్మన్నాను. లేవలేదు.

"ఏటుందే దాని కింద?"

"నీకెందుకు?"

"గీత సూసేవోడిని."

"అందుకే సెప్పనేదు."

చాప లాగాను. బెండులో గుంట చేసి, అందులో సన్నికల్లు. నల్లటి రాయి, మధ్యలో అరిగి పల్లమైనది. పసుపు మరక ఇంకా అంచున ఉంది.

"ఇది ఎక్కడిదే?"

"నీ కూతురు పెల్లిలో కాలు దేని మీద పెట్టిందనుకున్నావు? గుమ్మిడికాయ మీదా?"

కంపెనీ ప్రతి పెళ్ళికీ బెండుతో చెక్కి నల్లరంగు వేసిన రాయి ఇస్తుంది. అసిరి పెళ్ళిలో తొక్కింది అదేననుకున్నాను. పసుపు గుడ్డ కప్పి ఉంది, నేను ఎత్తి చూడలేదు. వియ్యంకులు సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో మునిగిన ఊరి మీదికి ఈదుకెళ్ళి, ఎవరి ఇంటి రాయో పైకి తెచ్చారట. ఇల్లు ఏ పక్క ఉండేదో ముసలివాళ్ళు గురుతు చెబితే దాన్ని బట్టి మునిగారట.

"బెండు రాయి తొక్కితే పెల్లవుతుందేటి?" అంది గవరమ్మ. "ఒక్క రాయికి మునిగిపోద్దా దీవి?"

మార్గశిర శుద్ధ విదియ

ఇంటింటికీ తిరిగాను. ప్రతి ఇల్లూ అదే మాట అంది. ఒక్క రాయికేనా.

ఒక్కొక్క ఇంట్లో ఒకటి కాదు, అత్త రాయి ఒకటి, కోడలి రాయి ఒకటి. కొర్లమ్మ ఇంట్లో మూడు. ఈ వేసవిలో పెళ్ళిళ్ళు ఎక్కువ, ఆ రాళ్ళు నొక్కిన చోట బెండు ఇప్పుడిప్పుడే దిగబడుతోంది. ఎవరికి వారు తమదొక్కటే అనుకున్నారు. పక్కింటి వాళ్ళు బెండు రాయితో సరిపెట్టుకున్నారని, తాము మాత్రం పద్ధతి తప్పలేదని లోపల గొప్పగా కూడా ఉన్నట్టుంది.

సాయంత్రం నీటి గుంట దగ్గర ఆడవాళ్ళంతా చేరారు. రాళ్ళు సముద్రంలో పడేద్దామన్నాను.

కొర్లమ్మ కుండ కింద పెట్టింది. "దాలయ్యా, రాయి పారెయ్యమంటే మెడలో తాడు తెంపమన్నట్టేరా. మా మగోలందరూ నీల్ల మీదే బతుకుతన్నారు."

"పారెయ్యకపోతే మడులకి ఉప్పెక్కుతాది."

"మనుసుల్ని దింపు."

"అందరూ దిగినా సాలదు పిన్నీ, అంత బరువుకీ అతిథులెక్కుతారు."

"మీ ఇంట్లోంచి ఎవురు దిగినారని అందరూ అంటన్నావు?" అని వెనకనుంచి లక్కన్న పెళ్ళాం అంది.

"పౌర్నమికి నా కూతురు దిగుతాది. సాలా?" అంది గవరమ్మ.

కొర్లమ్మ కోడలు అక్కడే ఉంది. ఆమె కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అప్పటిదాకా గట్టు మీద కాళ్ళు చాపుకు కూర్చున్న అసిరి అంది. "పారెయ్యడమెందుకు? దింపండి. ఆటికీ వంతెయ్యండి. మనుసులు వోరం వోరం నావలో కూకోనేదా? రాయి కూకోలేదా?"

"రాయికి సలేస్తాదే" అని ఎవరో అన్నారు. నవ్వులు. ఆ నవ్వుతో కొంచెం వదులైంది.

మార్గశిర శుద్ధ షష్ఠి

రాళ్ళు దించాం. ఒక్కొక్కటి గుడ్డలో చుట్టి, ఏ ఇంటిదో తెలియడానికి ఆ ఇంటి వలతాడు ముక్క కట్టారు. కొందరు పసుపు రాశారు. మూడు నావల్లో అడుగున పేర్చాం. కాటా మీద చూస్తే ఒక వంతులో దిగే మనుషులందరి బరువూ ఉన్నాయి. ఇన్నేళ్ళూ మనుషులు రాళ్ళకు చోటిచ్చి నావల్లో పడుకున్నారన్నమాట.

గీత లేచింది. జానెడు మీద నాలుగు వేళ్ళు. ఇంత ఎత్తుగా నేనెప్పుడూ చూడలేదు.

లక్కన్న వచ్చి గుంజ దగ్గర వంగి చూశాడు. "ఇంక మనిసి దిగక్కర్నేదేటి బావా?"

"అక్కర్నేదు."

"నీ కూతురు తెలివైనదిరా. నీ పోలిక రానేదు."

ఇవాళ బాగా నిద్ర పట్టేలా ఉంది.

మార్గశిర శుద్ధ ఏకాదశి

రవళి గారు వచ్చారు. గీత చూసి నవ్వారు. నావల్లో రాళ్ళు చూసి ఇంకా నవ్వారు. నేను సంతోషంగా చెప్పాను, ఈసారి ఎవరూ దిగనక్కర్లేదని.

ఆమె నవ్వు ఆపింది. గుంజ పట్టుకుంది, దీవి ఊగకపోయినా.

"దిగాలండీ. అందరూ దిగాలి. ఈ బృందం దీవి మొత్తం తీసుకున్నారు. ఖాళీ దీవి అని. మీరూ గవరమ్మ గారూ తప్ప ఎవరూ ఉండకూడదు."

"బరువు కోసం దిగుతన్నాం అనుకున్నానమ్మా."

"మొదట్లో బరువు కోసమే. ఇప్పుడు వాళ్ళు అడిగేది అదే. మనుషులు లేని దీవి చూడాలని."

"మరి ఆళ్ళో?"

"వాళ్ళు అతిథులు కదా."

అసిరి సంగతి చెప్పాను. నెలలు నిండాయని, పౌర్ణమికి అలలు పెద్దవని, కొర్లమ్మ కోడలి సంగతి కూడా. ఆమెకు తెలుసు. వైద్య పడవ పక్కనే ఉంటుందని, తాను మాట్లాడానని చెప్పింది.

"ఒక్క మనిసమ్మా. ఇంట్లోంచి బయటకి రాదు. ఎవురికీ కనపడదు."

"ఏడుపు వినపడుతుంది దాలయ్య గారూ" అంది. చెడ్డగా అనలేదు. అలసిపోయినట్టు అంది. "నేను అడిగి చూశాను. ఒప్పుకోలేదు."

గవరమ్మ ఈ మాట విని, అసిరి పాత చీరలు ఉతికి, మడతపెట్టి, గోనెసంచీలో పెట్టింది. నావకైనా ఇంటికైనా కావలసినవి అవే.

పౌర్ణమి

మనవాళ్ళు తెల్లవారకముందే దిగడం మొదలుపెట్టారు. అల ఎక్కువగా ఉంది. నావలు రేవుకు కొట్టుకుంటున్నాయి. మల్లేసు అసిరిని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. రేవు దాకా వచ్చి ఆమె ఆగింది. గుంజను పట్టుకుని వంగింది.

"ఏటి?" అన్నాడు మల్లేసు.

"ఏటంటావేటి? నొప్పి."

గవరమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే నావలో కూర్చున్న కొర్లమ్మ మళ్ళీ దీవి ఎక్కింది. ఎక్కకూడదని ఎవరూ అనలేదు. ముగ్గురూ కలిసి అసిరిని ఇంటికి తీసుకెళ్ళారు. మల్లేసు వాకిట్లో నిలబడ్డాడు.

అతిథుల పడవ కనిపించింది. పెద్దది, తెల్లది. వైద్య పడవ జాడ లేదు. నేను పచ్చజెండా ఎత్తితేనే అది రేవుకు రావాలి, గీత మునిగితే ఎర్రది ఎత్తుతాను. గీత జానెడు కన్నా బాగా పైనే, ఎండలో తెల్లగా ఉంది.

ఎర్రజెండా ఎత్తాను.

పడవ ఆగింది. లంగరు వేశారు. అల మీద లేస్తూ పడుతూ ఉంది. కాసేపటికి చిన్న పడవలో రవళి గారు వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. రాగానే గుంజ చూసింది.

"గీత తేలే ఉంది కదా!"

"నాకు మునిగినట్టే అవుపిస్తంది."

"దాలయ్య గారూ!"

"గీత సూసేది నానమ్మా. నాకు మునిగినట్టే ఉన్నాది."

ఇంట్లోంచి అసిరి కేక వినిపించింది. ఆమె అటు చూసింది. ఎంతసేపు అని అడిగింది. అది నా చేతిలో లేదన్నాను. ఆమె ఫోను తీసింది, మాట్లాడకుండానే మళ్ళీ లోపల పెట్టింది. రేవు మీద తడి చెక్క మీదే కూర్చుంది.

ఎండ ఎక్కింది. అతిథుల పడవలోంచి వాంతుల చప్పుడు గాలికి వస్తోంది. ఎవరో ఒకాయన గట్టిగా అరుస్తున్నాడు, వారమంతటికీ ముందే చెల్లించాం అంటూ. మనవాళ్ళు తమ నావల్లోంచి ఆ పడవను చూస్తున్నారు. వాళ్ళకు ఆ ఊగుడు అలవాటే. లక్కన్న గట్టిగా అరిచాడు, "మద్దెకి రండి బాబూ, మద్దెలో కూకుంటే తిప్పదు!" ఎవరూ వినలేదు.

మధ్యాహ్నం దాటాక కొర్లమ్మ వాకిట్లోకి వచ్చి చేతులు కడుక్కుంది.

"ఆడపిల్ల. ఏడ్సింది. బాగానే ఉన్నారు ఇద్దరూ."

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. చాలాసేపు అలాగే చేతులు కడుక్కుంటూ ఉంది.

నేను ఎర్రజెండా దించి పచ్చది ఎత్తాను. రవళి గారు లేచి చీర దులుపుకున్నారు. "కంపెనీకి నేను నిజమే రాయాలి" అన్నారు. రాయమన్నాను.

బాలింతను దింపమని ఆమె అడగలేదు. అతిథులకు దీవి మీద ఒక పసిపిల్ల ఉందని సాయంత్రానికే తెలిసిపోయిందట. ఒకావిడ అడిగి వచ్చి చూసి, చిన్న టోపీ ఇచ్చి వెళ్ళింది.

మార్గశిర బహుళ సప్తమి

అతిథులు వెళ్ళారు. కంపెనీ మాట వచ్చింది. నన్ను గీత దగ్గర్నుంచి తీసేశారు. ఈ వారం రావలసిన మేత ఆపేశారు, వచ్చే మూడు నెలలు సగమే ఇస్తారు.

దీవి ఉత్తరపు అంచున అప్పుడే వాసన వస్తోంది. చేత్తో నొక్కితే బెండు మెత్తగా దిగబడుతోంది. ఆ అంచున ఇల్లున్న వాళ్ళు నాతో మాట్లాడటం లేదు. వాళ్ళ తప్పేం లేదు. నా మనవరాలి కోసం వాళ్ళ నేల కుళ్ళుతోంది. ఎవరూ ఆ మాట ముఖం మీద అనలేదు. అంటే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకున్నాను గానీ, అది సరైన జవాబు కాదు.

గీతకు లక్కన్నను పెట్టారు. వచ్చి గుంజ దగ్గర నా పీట జరుపుకుని కూర్చున్నాడు.

"పుస్తకం నువ్వే ఉంచుకో బావా. నాకు అచ్చరాలు రాయడమంటే బద్దకం. నాను సూసి సెప్తాను, నువ్వు ఎక్కించుకో."

మార్గశిర బహుళ దశమి

కొత్త బృందం. లక్కన్న పేర్లు పిలిచాడు. మొదటి పేరు నాది. రెండోది మల్లేసు. మల్లేసుకు గుల్లల పని ఉంది కదా అని ఎవరో అన్నారు. "ఆ పని నావలోంచి కూడా మునిగి సేసుకోవొచ్చు" అన్నాడు లక్కన్న. నిజమే. నాకెందుకు తోచలేదో.

ఈ బృందం కూడా ఖాళీ దీవే అడిగారని రవళి గారు కబురు పెట్టారు. లక్కన్న రేవు మీద నిలబడి కబురు తెచ్చినవాడితో అన్నాడు.

"బాలింత దిగదు. ఆ పసి గుంటదీ దిగదు. దింపమన్నారంటే నాకూ గీత మునిగినట్టే అవుపిస్తాదని సెప్పు."

కబురు తెచ్చినవాడు వెళ్ళాడు. జవాబు రాలేదు. లక్కన్న నా వైపు చూడకుండా, "సూస్తావేటి, ఎక్కు నావ" అన్నాడు.

నావలో కూర్చున్నాను. అడుగున రాళ్ళు, వాటి మీద చాప, చాప మీద మేము. వీపుకు ఏదో ఒక ఇంటి రాయి గుచ్చుకుంటూనే ఉంది. ఉత్తరపు అంచు వాళ్ళు నావ అటు చివర కూర్చున్నారు. కొర్లమ్మ గంజి పోస్తూ నా గిన్నె కూడా అడిగి తీసుకుంది.

"పిల్ల ఎవురి పోలికరా?"

"ఇంకా తెల్దు పిన్నీ."

"ముక్కు మీ ఆవిడది. నాను సూసినాను."

ఉత్తరపు అంచు ముసలాయన అటువైపు నుంచే అన్నాడు, "ముక్కు ఎవురిదైతే ఏటి, గొంతు మాత్రం లక్కన్నదే. మా ఇంటి కాడికి వినపడతంది."

ఎవరో నవ్వారు.

అతిథుల పడవ మా పక్కనుంచే వెళ్ళింది. మేడ మీద నిలబడి మమ్మల్ని చూసి చేతులు ఊపారు. మాలో ఎవరూ ఊపలేదు. వాళ్ళు ఊపుతూనే ఉన్నారు.

"ఊపండిరా," అంది కొర్లమ్మ. "మేత బస్తాలు ఆ పడవలోనే వొస్తన్నాయి."

ఊపాం.